ఎనభై మూడో నంబరు సీసాలో ఉన్నది నా రక్తం

రవాణా సంస్థ రెండో డిపో వైద్యాధికారి గారి సముఖమునకు,

సదరు డిపోలో గుట్ట రూటు కండక్టరుగా పనిచేస్తూ, గత గురువారం నుంచి సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగిని వ్రాసుకున్న అర్జీ.

విషయం: గత వైద్య శిబిరంలో ఎనభై మూడు, ఎనభై నాలుగు నంబర్ల రక్త నమూనాలు తారుమారు చేసిన నేరము ఒప్పుకొనుట, ఈ నెల పన్నెండో తేదీ శిబిరానికి ముందుగానే డ్రైవర్ల గుండె జబ్బుల విషయమై తగు ఉత్తర్వులు కోరుట – గురించి.

జత: నాకు ఇచ్చిన ఛార్జి మెమో నకలు ఒకటి, ఆసుపత్రి కాగితాల నకళ్లు మూడు, నా టికెట్ మెషిన్ నుంచి తీసిన చివరి చీటీ ఒకటి.

అయ్యా,

అర్జీ ఎలా రాయాలో నాకు తెలియదు. డిపో గుమాస్తా గారిని అడిగితే, "అంశాల వారీగా నంబర్లు వేసి రాయమ్మా, ఏడుపు మాత్రం రాయకు" అన్నారు. నంబర్లు వేశాను. రెండోది నా చేతనైనంత వరకు పాటిస్తాను.

1. నేను పదమూడేళ్లుగా కండక్టరును. అందులో చివరి తొమ్మిదేళ్లు గుట్ట రూటులోనే. ఆ బస్సు డ్రైవరు మా అక్క భర్త. వయసు నలభై ఎనిమిది. డిపోలో అందరూ ఆయన్ని 'మెత్తబ్రేకు' అని పిలుస్తారు. నిలబడిన ముసలావిడ చేతిలో నిండు గ్లాసు నీళ్లున్నా తొణక్కుండా బస్సు ఆపగలరు కాబట్టి ఆ పేరు. మా రూటులో తొమ్మిది మలుపులు ఉన్నాయి. ఎక్కేటప్పుడు ఎడమ పక్క రాయి, కుడి పక్క ఏమీ ఉండదు. కిందికి చూస్తే రైలు పట్టాలు గీసిన గీతల్లా కనిపిస్తాయి. ఆ మలుపుల్లో నేను కళ్లు మూసుకుని టికెట్లు కొట్టేదాన్ని. ఆయన మీద నాకు అంత నమ్మకం.

2. బావగారి తండ్రి యాభై ఒకటో ఏట గడ్డం గీసుకుంటూ అద్దం ముందే కూలిపోయారు. బావగారి సొంత అన్నగారు నలభై తొమ్మిదో ఏట ఏదో ఆఫీసు వరసలో నిలబడి, చేతిలో నింపిన ఫారంతో పోయారు. ఈ రెండు సంగతులు మా ఇంట్లో అందరికీ తెలుసు, కానీ ఎవరూ మాట్లాడరు. బావగారు రోజుకు పన్నెండు సిగరెట్లు కాలుస్తారు. చొక్కా జేబులో గ్యాస్ మాత్రల అట్ట ఎప్పుడూ ఉంటుంది. ఏడాదిగా గుట్ట ఎక్కే ముందు ఒక మాత్ర చప్పరించడం మొదలైంది. గుట్ట దిగేటప్పుడు అవసరం ఉండేది కాదు. ఎక్కేటప్పుడు మాత్రమే వచ్చే గ్యాస్ ఎలాంటి గ్యాసో ఆలోచించాల్సిన దాన్ని నేనే. ఆలోచించలేదు.

3. ఇక నా నేరం. అయిదు నెలల కిందట తమరు నిర్వహించిన శిబిరానికి ముందు రోజు మా అక్క నా దగ్గరికి వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

"రేపు రక్తం తీస్తారటగా. మీ బావకి షుగరుందని నాకు తెలుసు. బయట చూపించుకున్నాడు. కొలెస్ట్రాల్ కూడా ఉందిట. కాగితం బీరువాలో బట్టల కింద దాచాడు."

"దాస్తే తగ్గుతుందా అక్కా?"

"అన్‌ఫిట్ రాస్తే మేమేం కావాలి? నువ్వు కండక్టరువి, నీకు ఎంతున్నా ఎవరూ పట్టించుకోరు. చీటీలు మార్చుకోండి. ఒక్క సీసా."

నేను ఒప్పుకోలేదు. అప్పుడు అక్క అన్న మాట ఇది: "రక్తం పంచుకు పుట్టినదానివి. ఒక్క సీసా ఇవ్వలేవా?"

శిబిరంలో బరువు, బీపీ మొదటి గదిలో మొహం చూసే కొలిచారు. బావగారికి పైది నూట యాభై ఆరు వచ్చింది. పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూస్తే నూట యాభై. 'గమనించవలెను' అని రాసి వదిలేశారు. రెండో గదిలో రక్తం. అక్కడ జనం తోసుకుంటున్నారు. రక్తం తీసే ఆయన తల ఎత్తలేదు. చీటీ మీద నంబరు చూశారు, చేయి చూశారు, సూది గుచ్చారు. బావగారిది ఎనభై మూడు. నాది ఎనభై నాలుగు. చీటీలు అటూ ఇటూ మారడానికి పట్టిన సమయం, బస్సులో ఒక టికెట్ కొట్టేంత.

వారం తర్వాత తమరు బావగారిని పిలిచి, "కొలెస్ట్రాల్ బ్రహ్మాండంగా ఉందయ్యా, రక్తం మాత్రం తక్కువుంది, ఆకుకూరలు తిను" అని ఐరన్ మాత్రలు రాసిచ్చి, డ్రైవింగుకు యోగ్యుడని సంతకం చేశారు. ఆ మాత్రలు ఆయన తెచ్చి నాకే ఇచ్చారు. ఇద్దరం నవ్వుకున్నాం కూడా. నేను మూడు నెలలు వేసుకున్నాను. మెట్లెక్కితే వచ్చే ఆయాసం తగ్గింది. ఆ సర్టిఫికెట్టు వల్ల బాగుపడిన మనిషిని నేను ఒక్కదాన్నే.

4. ఇంత పని ఎందుకు చేశామని తమరు అడుగుతారు. ఆ జవాబు డిపో గేటు దగ్గర కూర్చుంటుంది. తమరు కారులో వస్తారు కాబట్టి చూసి ఉండరు. రెండేళ్ల కిందట గుండె జబ్బని అన్‌ఫిట్ చేసి పంపించేసిన మీసాల డ్రైవరుగారు రోజూ ఉదయం ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకుని వస్తారు. గేటు పక్కన సిమెంటు దిమ్మ మీద కూర్చుంటారు. బయటికి పోయే ప్రతి బస్సుకీ చేతి గడియారం చూసి, "నాలుగు నిమిషాలు లేటు", "కరెక్టు టైము" అని చెబుతారు. ఎవరూ అడగరు. మధ్యాహ్నం షిఫ్టు మారాక లేచి ఇంటికి పోతారు. డిపోలోని ప్రతి డ్రైవరూ రోజుకు రెండుసార్లు స్టీరింగు తిప్పుతూ ఆయన్ని చూస్తాడు. తమరు గోడకు అంటించిన 'మీ గుండెను పరీక్షించుకోండి' అనే కాగితం కంటే ఆయన్నే ఎక్కువ చదువుతారు.

5. బావగారి రక్తం నా పేరు మీద తమ దగ్గరికి వచ్చింది కదా. తమరు నన్ను పిలిపించారు. ఆ రోజు తమరికి గుర్తుందో లేదో, నాకు ప్రతి మాటా గుర్తుంది.

తమరు కాగితం వైపు, నా వైపు మార్చి మార్చి చూశారు. "ఏమ్మా, నలభై ఒకటో ఏడు. సన్నగా ఉన్నావు. పాలిపోయి ఉన్నావు. కొలెస్ట్రాల్ రెండు వందల తొంభై ఎనిమిది ఏమిటి? పరగడుపున షుగరు నూట డెబ్భై ఒకటి ఏమిటి?" అన్నారు.



తమరు సొరుగులోంచి అట్ట తీశారు. దాని నిండా చిన్న చిన్న గళ్లు: ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. ఆడవాళ్లకు ఒక పక్క, మగవాళ్లకు ఒక పక్క. వయసు, షుగరు, సిగరెట్టు, బీపీ, కొలెస్ట్రాల్ – అన్నీ కలిపి చూస్తే ఒక గడి దగ్గరికి చేరతామని, రాబోయే పదేళ్లలో గుండెపోటు వచ్చే అవకాశం ఎంతో ఆ గడి చెబుతుందని వివరించారు. తమ వేలు నా గడి మీద ఆగింది. పసుపు. "భయపడక్కర్లేదు, కానీ జాగ్రత్త పడాలి" అన్నారు.

నేను ఉండబట్టలేక అడిగాను. "అదే మగవాళ్లయితే అండి? నలభై ఎనిమిదేళ్లు. సిగరెట్టు ఉంటే. బీపీ నూట యాభై ఉంటే."

తమ వేలు అట్ట మీద ఇవతలి పక్కకు వచ్చింది. పైకి జరిగింది. ఇంకా పైకి జరిగింది. ఎరుపులో ఆగింది.

"ఇలాంటి వాళ్లు వంద మంది ఉంటే, పదేళ్లలో ఇంచుమించు ముప్పై మందికి వస్తుంది."

"తండ్రి, అన్న చిన్న వయసులోనే పోయి ఉంటే?"

"అది ఈ అట్టలో లేదమ్మా. అలా ఉంటే దీనికంటే ఎక్కువే అనుకోవాలి." తమరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఎవరమ్మా ఆయన?"

అయ్యా, ఆ క్షణాన చెప్పి ఉంటే ఈ అర్జీ ఉండేది కాదు. నా నోట్లో మాట పళ్ల వరకు వచ్చింది. అప్పుడే కిటికీలోంచి మీసాలాయన గొంతు వినిపించింది, "కరెక్టు టైము" అంటూ.

"ఊరికే అడిగానండి" అన్నాను.

తమరు నమ్మలేదని నాకు తెలుసు. అయినా నన్ను గదమలేదు. అట్ట నా వైపు తిప్పి, "ఊరికే అడిగావు కాబట్టి ఊరికే చెబుతాను. ఇది నుదుటి రాత కాదు. పెన్సిలు రాత. చెరపొచ్చు. సిగరెట్టు మానితే ఒక వరస కిందికి వస్తాడు. బీపీ మాత్ర రోజూ వేసుకుంటే ఇంకో వరస. కొలెస్ట్రాల్ మాత్ర, షుగరు మాత్ర, ఉప్పు తగ్గించడం, రోజూ అరగంట నడక. అన్నీ చేస్తే ఎరుపులోంచి పసుపులోకి దిగొచ్చు. కానీ ఆ మనిషి వచ్చి ఈ కుర్చీలో కూర్చోవాలి" అన్నారు.

నా పేరు మీద రాసిన మాత్రలు తీసుకెళ్లి బావగారికి ఇచ్చాను. ఆరు రోజులు వేసుకున్నారు. ఏడో రోజు, "కాళ్లు లాగుతున్నాయే, ఇవి నీ ఒంటికి రాసిన మందులు, నాకెందుకు పడతాయి?" అన్నారు. ఆ మాటకు నవ్వాలో కొట్టాలో తెలియలేదు. సిగరెట్లు పన్నెండు నుంచి ఎనిమిదికి దించారు. నాలుగు నా ఎదురుగా మానేసి, నా వెనక కాల్చారని తర్వాత తెలిసింది.

6. గత మంగళవారం సంగతి. ఛార్జి మెమోలో దీనినే 'అకారణముగా బస్సును నిలిపివేయుట' అని రాశారు.

ఉదయం పది దాటింది. గుట్ట మొదట్లో పంపుహౌసు స్టాపు ఉంది. అక్కడ ముగ్గురు ఎక్కారు, మొత్తం ముప్పై ఏడు మంది. చివరి టికెట్ కొట్టి తలెత్తాను. డ్రైవరు సీటు పైన ఉండే అద్దంలో బావగారి మొహం కనిపించింది. కిటికీ తీసే ఉంది, గాలి వస్తోంది, అయినా నుదురంతా చెమట. గడ్డం కిందికి కారుతోంది. ఎడమ చేయి ఒళ్లో పడేసి ఉంది. కుడిచేత్తో దవడ నొక్కుకుంటున్నారు.

బస్సులో ఒక బెల్లు కొడితే ఆగాలి, రెండు కొడితే కదలాలి. ఆయన రెండు బెల్లుల కోసం ఎదురు చూస్తున్నారు. నేను తాడు పట్టుకుని నిలబడిపోయాను.

"కొట్టవే" అన్నారు, వెనక్కి తిరక్కుండా.

"బావా, ఏంటది?"

"ఏం లేదు. పొద్దున ఎక్కువ తిన్నా. గ్యాసు. కొట్టు."

"కొట్టను. దిగు."

"జనం చూస్తున్నారు."

"చూడనీ."

జనం చూడటమే కాదు, మాట్లాడటం కూడా మొదలుపెట్టారు. ముందు సీట్లో కూర్చున్న పంతులుగారు తనకు పరీక్ష డ్యూటీ ఉందన్నారు. వెనక నుంచి ఒక వెల్డరు, నల్లద్దాలు నెత్తి మీదికి తోసుకుని, "ఏం బాబూ, మీ ఇంటి గొడవలు ఇంట్లో పెట్టుకోండి, మా కడుపు కొట్టకండి" అని అరిచాడు. ఒకావిడ కిటికీలోంచి తల బయట పెట్టి వేరే బస్సు వస్తుందేమోనని చూస్తోంది.

బావగారు బెల్లు లేకుండానే గేరు వేశారు. తొమ్మిదేళ్లలో ఎప్పుడూ అలా చేయలేదు. బస్సు మూరెడు కదిలింది. మెత్తగా కదల్లేదు, కుదుపుతో కదిలింది. నిలబడ్డవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు.

నేను మెట్ల మీంచి దూకి బస్సు ముందుకు పరిగెత్తాను. రెండు చేతులూ ముందు జాలీ మీద పెట్టి నిలబడ్డాను. ఇంజను వేడి అరచేతులకు తగులుతోంది. అద్దం వెనక ఆయన మొహం నాకు ఎదురుగా ఉంది. కోపంగా ఉంది. ఆ తర్వాత కోపం పోయి, ఏదో లెక్క తప్పినవాడి మొహంలా అయింది. పెదాలు కదిలాయి. "తప్పుకో" అంటున్నారనుకున్నాను. తల అడ్డంగా ఊపాను. ఆయన కాలు క్లచ్చు మీంచి జారితే నేను ఉండనని తెలుసు. మలుపులో జారితే ముప్పై ఏడు మంది ఉండరని కూడా తెలుసు.

ఆయన తాళం తిప్పి ఇంజను ఆపేశారు.

తలుపు తీసుకుని దిగబోయి, మెట్టు మీదే కూలబడ్డారు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. వాంతి చేసుకున్నారు. అరిచిన వెల్డరే అందరికంటే ముందు దూకి ఆయన్ని రెండు చేతులతో పట్టుకుని నీడకు చేర్చాడు. "అన్నా, ఊపిరి పీల్చు, కళ్లు మూయకు, నన్ను చూడు" అంటూనే ఉన్నాడు. నేను ఆంబులెన్సుకు ఫోను చేశాను. పదకొండు నిమిషాలకు వచ్చింది. మెమోలో 'సర్వీసు నష్టము' లెక్క మొదలయ్యేది ఈ పదకొండు నిమిషాలతోనే.

ఆసుపత్రిలో మొదటి ప్రశ్న, నొప్పి ఎన్నింటికి మొదలైంది అని. నా టికెట్ మెషిన్ చూసి పది ఇరవై రెండు అని చెప్పాను. ఆఖరి టికెట్ మీద ఆ సమయమే ఉంది. లోపలికి తీసుకెళ్లారు. రెండు చోట్ల రక్తనాళం మూసుకుపోయింది. ఒకటి పూర్తిగా, ఒకటి ముప్పావు వంతు. తీగ పంపి తెరిచి, స్టెంట్లు వేశారు. మనిషి బతికారు.

7. మా అక్క ఆసుపత్రి వరండాలో నాకు దూరంగా, ఆ చివరి కుర్చీలో కూర్చుంది. నేను దగ్గరికి వెళ్తే నా వైపు చూడకుండా అంది: "బతికించావు. బాగుంది. ఇప్పుడు ఇంటికి పంపిస్తారుగా. అదీ నువ్వే చేశావు."

"అక్కా, గుట్ట మీద అయితే..."

"నాకు తెలీదనుకున్నావా? నాకు అన్నీ తెలుసు. తెలిసినందుకే నీ మీద కోపం." అంతే. లేచి నీళ్ల కుళాయి దగ్గరికి వెళ్లిపోయింది. ఈ అర్జీ రాసే నాటికి మా ఇద్దరి మధ్య అదే ఆఖరి మాట.

మూడో రోజు బావగారితో మాట్లాడనిచ్చారు. మొదట ఆయన అడిగింది, "బండి డిపోకి ఎవరు తోలారు? రెండో గేరు పట్టేస్తుంది, చెప్పావా?" అని. చెప్పానన్నాను. కాసేపు పైకప్పు వైపు చూసి, "అద్దంలోంచి నిన్ను చూస్తే, క్లచ్చు మీంచి కాలు తీసి బండి కదిలిద్దామంటే కాలు నా మాట వినలేదే" అన్నారు. ఆయన కళ్లల్లో నీళ్లు నేను చూడటం అదే మొదటిసారి.

8. అయ్యా, ఇక మెమో. గుండెపోటు బస్సు ఆగాక వచ్చిందని, నేను ఆపినప్పుడు మనిషి బాగానే ఉన్నారని అందులో వాదన. నేను బస్సు ఆపడానికి కారణం లేదనడానికి ఆధారంగా డిపో మేనేజరు గారు ఏమి జతపరిచారో తమరు దయచేసి చూడండి. అయిదు నెలల కిందట తమరు సంతకం చేసిన ఆరోగ్య సర్టిఫికెట్టు! 'సదరు డ్రైవరు రక్త పరీక్షల యందు గుండెకు సంబంధించిన ఎట్టి దోషమును లేదు' అని అందులో ఉంది. ఆ రక్తం నాది. నా రక్తమే నా మీద సాక్ష్యం చెబుతోంది. దాన్ని కాదనాలంటే నా నేరం నేను ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే మెమో నిలుస్తుంది. రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు బావగారినే అడిగాను.

"రాయి" అన్నారు. "నా నంబరు కూడా రాయి. ఎనభై మూడు."

9. పై కారణముల చేత తమరిని వేడుకొనునది:

(అ) ఎనభై మూడు, ఎనభై నాలుగు నంబర్ల ఫలితాలను సరిచేయించవలెను. చీటీలు మార్చినందుకు నాకు ఏ శిక్ష వేసినా తల వంచుతాను. బస్సు ఆపినందుకు మాత్రం వేయవద్దు. అది తప్పని నా చేత సంతకం పెట్టించవద్దు, పెట్టను.

(ఆ) పన్నెండో తేదీ శిబిరానికి ఇంకా నాలుగు రోజులే ఉంది. చీటీలు మార్చుకునేది మేమిద్దరమే కాదు. పేర్లు చెప్పను. చెబితే వాళ్లు ఇంకా లోతుగా దాక్కుంటారు. ఈ వేళ, నేను ఈ వాక్యం రాస్తున్న సమయానికి, వాళ్లలో కనీసం ఇద్దరు గుట్ట మీదే ఉన్నారు. వెనక జనం ఉన్నారు.

(ఇ) కాబట్టి శిబిరానికి ముందే ఒక్క కాగితం గేటుకు అంటించండి: ఎర్ర గడిలో ఉన్న డ్రైవరును ఇంటికి పంపరు, వైద్యం జరిగినన్నాళ్లు టైము ఆఫీసులోనో, టికెట్ కౌంటరులోనో, కొత్తవాళ్లకు నేర్పే చోటనో పని ఇస్తారు, తగ్గాక మళ్లీ పరీక్షించి, తమరు సరేనంటే స్టీరింగు ఇస్తారు అని. ఆ కాగితం మీద డిపో మేనేజరు గారి సంతకం కూడా ఉండాలి. అది లేకుండా తమరు ఎన్ని శిబిరాలు పెట్టినా సీసాల్లోకి కండక్టర్ల రక్తమే వస్తుంది.

(ఈ) తమ సొరుగులోని రంగుల అట్టను విశ్రాంతి గదిలో, డ్రైవర్లు కాళ్లు చాపుకునే చోట పెట్టించండి. తలుపు వేసి ఒక్కొక్కరినీ పిలిస్తే భయపడతారు. అందరూ కలిసి చూస్తే ఒకరి గడి మీద ఒకరు వేలు పెట్టుకుని వేళాకోళం ఆడతారు. వేళాకోళంలోంచే సిగరెట్టు మానినవాళ్లను నేను చూశాను.

(ఉ) మీసాల డ్రైవరుగారికి టైము ఆఫీసులో ఒక కుర్చీ ఇవ్వండి. ఆయన ఆ పని రెండేళ్లుగా చేస్తూనే ఉన్నారు. లోపల కూర్చుని చేస్తారు, అంతే తేడా.

నేను చదివింది తక్కువ. మాటల్లో మర్యాద తప్పి ఉంటే అది నా చేతకానితనమే గాని పొగరు కాదు. ఈ విన్నపమును తమరు చిత్తగించి, పన్నెండో తేదీ రాకముందే ఒక మాట చెప్పవలెనని కోరుతూ,

తమ విధేయురాలు,
గుట్ట రూటు కండక్టరు
(చీటీ నంబరు ఎనభై నాలుగు, లోపలి రక్తం ఎనభై మూడు)

తా.క. అయ్యా, ఈ అర్జీ పట్టుకుని ఇప్పుడే తమ గది దగ్గరికి వచ్చాను. వరండాలో స్టేషను రూటు డ్రైవరు, అందరూ పెద్దాయన అంటారే, ఆయన నా కోసం కాచుకుని ఉన్నారు. పక్కకు పిలిచి, "అమ్మాయ్, మీ బావకి వీపు మధ్యలో బరువు పెట్టినట్టు ఉందని ఏమైనా అన్నాడా?" అని అడిగారు. లేదన్నాను. "నాకు పొద్దుట్నుంచి అలాగే ఉంది. ఒక ట్రిప్పు కొట్టేశా. రెండోదానికి బస్సు ఎక్కబోయి దిగొచ్చా" అన్నారు. చేయి పట్టుకుంటే చల్లగా ఉంది.

ఆంబులెన్సుకు ఫోను చేశాను. ఇరవై నిమిషాలు పడుతుందట. గుండె పరీక్ష యంత్రం తమ గదిలోనే ఉంది. అటెండరు, లోపల మేనేజరు గారితో మీటింగు జరుగుతోంది, మనుషులను పంపను, కాగితమైతే ఇస్తాను అంటున్నాడు. తలుపు బాదితే నన్ను వెనక్కి లాగాడు. అందుకే ఈ ముక్క నిలబడి, గోడకు ఆనించి రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతున్నాయి. దీన్ని అన్నిటికంటే పైన పెట్టి పంపిస్తున్నాను.

పెద్దాయన తమ తలుపు పక్కన బెంచీ మీద కూర్చుని ఉన్నారు. కళ్లు మూసుకోకండి అని చెబుతున్నాను, మూసుకుంటున్నారు.

కింద ఉన్న కాగితాలు తర్వాత చదవండి. నన్ను తర్వాత డిస్మిస్ చేయండి. ముందు తలుపు తీయండి.